తాగుడు, బుగులు, పాత గాయం: ముడి ఎక్కడి నుంచి విప్పాలి

"మేడం, అన్నంలో కలిపి పెట్టే మందు ఏదైనా ఉంటే చెప్పండి. ఆయనకు తెలియకుండా పెడతాను."

హనుమకొండలో మనసు బాధలకు చికిత్స చేయడానికి నేను కూర్చునే గదికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. ఆ రోజు అడిగినామె భూపాలపల్లి వైపు నుంచి వచ్చింది. భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు. రోజూ తాగుతాడు, తిడతాడు, జీతం సగం వైన్స్‌కే పోతుంది. గంటసేపు ఇవన్నీ చెప్పి, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి ఇంకో మాట అంది: "రాత్రిపూట లైటు ఆర్పనియ్యడు మేడం, పిల్లలకు నిద్ర ఉండదు." నన్ను ఆపిన మాట అది. తర్వాత తెలిసింది, నాలుగేళ్ల కింద గనిలో పైకప్పు కూలి, ఆయన పక్కనే పనిచేస్తున్న దోస్తు పోయాడు. చీకటి పడితే చాలు, ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తుంది. మందు తాగితే కాసేపు వినిపించదు. (వాళ్లెవరో తెలియకుండా ఆనవాళ్లు మార్చాను. కింద వచ్చే మిగతా మనుషుల విషయంలోనూ అంతే.)

మన దగ్గర తాగుడుకు ఒట్టు వేయిస్తారు, బుగులుకు, అంటే లోపలి భయానికి, తాయెత్తు కట్టిస్తారు, మనసుకైన గాయానికి "అయిందేదో అయింది, మర్చిపో" అంటారు. మూడూ ఒకే మనిషిలో, ఒకదాని కాలు ఒకటి పట్టుకొని ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ముడి విప్పడానికి ఒక వరుస ఉంది. ముందు ఒళ్లు ప్రమాదం నుంచి బయటపడాలి. తర్వాత మనసుకు కాస్త నిమ్మళం రావాలి. ఆ తర్వాతే పాత గాయం జోలికి వెళ్లాలి. ఈ వరుస తప్పితే మనిషికి దెబ్బ తగులుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ల కోసం, ఒక్కొక్క పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక వారం రాయండి

పిల్లల పాత నోట్‌బుక్ చాలు. ఎంత తాగాడన్నది ఒక్క అంకెలో రాసి వదిలేయండి, అది మీకు ఎలాగూ తెలుసు. తాగడానికి ముందు గంటలో ఏం జరిగిందో రాయండి. టైమెంత, ఎవరు వచ్చారు, ఏ ఫోన్ వచ్చింది, చెమట పట్టిందా, చేతులు వణికాయా, ఒంటరిగా ఉన్నాడా. తాగిన తర్వాత ఏం తగ్గిందో కూడా రాయండి. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లి వచ్చిన రోజా? ఫైనాన్స్ వాళ్లు గుమ్మంలో కూర్చున్న రోజా? వాన పడ్డ రాత్రా? వారం తిరిగేసరికి మీకే ఒక దారి కనిపిస్తుంది. మా గదిలో మొదటి రోజు మేం వెతికేది కూడా దాన్నే.

వీటితో పాటు నాలుగు గుర్తులు గమనించండి. వద్దనుకున్నా ఆ సంఘటన పదే పదే కళ్ల ముందుకు రావడం, కలల్లో రావడం. దానికి సంబంధించిన చోటు, మనిషి, మాట అన్నీ తప్పించుకు తిరగడం. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, ముక్కు మీద కోపం. నాలుగోది బయటికి అంతగా కనిపించదు: "తప్పు నాదే, నాకు బతికే హక్కు లేదు" అని తనలో తాను తేల్చేసుకోవడం. ఏదైనా పెద్ద ప్రమాదం తర్వాత కొన్ని వారాలు ఇవి ఎవరికైనా ఉంటాయి, చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గక, పనికీ సంసారానికీ అడ్డుపడుతుంటే దాన్ని జబ్బుగా చూసి చికిత్స చేయించాలి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. తాగే మందు బుగులును నిజంగానే తగ్గిస్తుంది. అది అబద్ధమైతే ఎవరూ దాన్ని పట్టుకొని వేలాడరు. మెదడుకు బ్రేకు, ఎక్స్‌లేటర్ రెండూ ఉంటాయనుకోండి. మందు బ్రేకు తొక్కుతుంది. రోజూ తొక్కుతుంటే మెదడు సర్దుకొని ఎక్స్‌లేటర్‌ను ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి మందు దిగిపోతుంది, ఎక్స్‌లేటర్ మాత్రం అలాగే ఉంటుంది. గుండె దడ, చెమట, నిన్నటికంటే ఎక్కువ భయం. దాన్ని ఆపడానికి పొద్దున్నే మళ్లీ ఒక క్వార్టర్. అతను సిగ్గు లేక తాగుతున్నాడని మీకు అనిపించే ఆ పొద్దుటి మందు, చాలాసార్లు వణుకు ఆపుకోవడానికి తాగేది.

రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా మానిపించకండి

ఈ రాతలో మీరు ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే, మొదటి 6 నుంచి 24 గంటల్లో వణుకు, వాంతులు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చనిపోయిన వాళ్లతో మాట్లాడతారు, ఊరు, తేదీ చెప్పలేరు. ఇంట్లో వాళ్లు గాలి సోకిందనుకొని మంత్రం వేయించడానికి పరుగెత్తుతారు. ఆ స్థితిలో మనిషి చనిపోయే ప్రమాదం ఉంది. అది దవాఖానలో, మందులతో దాటించాల్సిన దశ.

కల్లు తాగేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు సంగతి వేరు. దుకాణాల్లో కైపు కోసం ఆల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు వేరు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు, అలవాటుపడ్డ వాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో, వింత ప్రవర్తనతో దవాఖానలకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు వైన్స్ మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖాన ముందు క్యూ కట్టింది కూడా ఇలాంటి వాళ్లే. కల్లు తాగే మనిషి ఒంట్లో నిద్రమాత్రల అలవాటు కూడా దాగి ఉండవచ్చు. కలిపినదాన్ని బట్టి, ఆపిన ఒకటి రెండు రోజులకే ఒళ్లు తిరగబడవచ్చు, వారం దాకా ఆగి కూడా తిరగబడవచ్చు. అందుకే డాక్టర్‌తో "మందు తాగుతాడు" అని ఊరుకోకుండా, ఏ కల్లు, ఏ దుకాణంలో, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అన్నీ చెప్పండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించి సరిపెట్టుకోకండి. ఏళ్లుగా తాగే వాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్ద దవాఖానలో ముందు ఆ ఇంజెక్షన్ ఇస్తారు, వణుకూ ఫిట్స్ రాకుండా మందులిచ్చి కొద్ది రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు.

అన్నంలో కలిపే మందు సంగతికి వస్తాను. డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటుంది. అది వేసుకున్న మనిషి మందు తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. సంగతి తెలిసి, తన ఇష్టంతో, పరీక్షలు చేయించుకొని వేసుకునే వాళ్లకు అది ఉపయోగపడుతుంది. తెలియకుండా కలిపి పెడితే ఆయన ఆ సాయంత్రం మామూలుగానే ఫుల్ బాటిల్ లేపుతాడు, గుండె ఆగిపోవచ్చు. ఒకవేళ బతికినా, ఇక మీ చేతి అన్నం నమ్మడు. దయచేసి ఆ పని చేయకండి.

మాల సంగతీ చెప్పాలి. కార్తీకంలో అయ్యప్ప మాల, ఎండాకాలం ముందు కొండగట్టు ఆంజనేయస్వామి మాల వేసుకొని 41 రోజులు చుక్క ముట్టని వాళ్లు మన జిల్లాల్లో వేల మంది ఉన్నారు. నేను మాలను తక్కువ చేసి మాట్లాడను. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒక గుంపు, వేళకు పూజ, నిన్నటిదాకా "తాగుబోతు" అన్న ఊరే "స్వామీ" అని పిలవడం: మేం చికిత్సలో నెలల తరబడి కట్టాలని చూసే వాటిలో చాలా భాగం అందులో ఉంది. అయితే రెండు జాగ్రత్తలు. రోజూ ఎక్కువగా తాగే మనిషి మాల వేసుకునే ముందే డాక్టర్‌ను కలిసి, మందుల సాయంతో ఒళ్లు తేరుకోవాలి. రెండోది, మాల తీసే రోజుకు ముందే నలభై రెండో రోజు ఏం చేయాలో రాసి పెట్టుకోవాలి. లోపలి బుగులు ఆ 41 రోజులూ ఎక్కడికీ పోలేదు, మాల నీడన కూర్చుంది అంతే.

ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని ఏం అడగాలి

వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. దూరం ఉన్నవాళ్లు ముందుగా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న ఇంకో నంబరు 14446. ఎవరి పని ఏమిటో కూడా తెలిస్తే మేలు: సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందులు రాయరు. ఈ ముడికి తరచుగా ఇద్దరూ కావాలి.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చాలనుకుంటే, ముందు మీరు ఒక్కరే వెళ్లి చూసి రండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. డాక్టర్ రోజూ వస్తారా, ఇంటివాళ్లను ఎప్పుడు కలవనిస్తారు అని అడగండి. గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. "రెండు దెబ్బలు పడితే వాడే దారికొస్తాడు" అన్న మాట అక్కడ వినిపిస్తే వెనక్కి వచ్చేయండి. గాయంతో ఉన్న మనిషికి దెబ్బలు ఇంకో గాయం చేస్తాయి, బయటికొచ్చిన రోజు అతను నేరుగా వైన్స్‌కే వెళ్తాడు.

ఒప్పించే మాట

మందు మీద ఉన్నప్పుడు మాట్లాడకండి. అందరి ముందు వద్దు. పొద్దున చాయ్ తాగాక, వణుకు లేని వేళ చూసుకోండి. ఎవరు మాట్లాడాలన్నది కూడా ముఖ్యం. భార్య అప్పటికే వందసార్లు చెప్పి ఉంటుంది, ఆమె నోరు తెరవగానే ఆయన చెవులు మూసుకుంటాయి. ఒక దోస్తో, బామ్మర్దో, కలిసి పనిచేసే అన్నో అయితే వింటాడు. ఒక బామ్మర్దికి నేను నేర్పిన మాటలు, అతను వచ్చి చెప్పినట్టే రాస్తున్నాను.

"బావా, రాత్రి నిద్ర పడుతున్నదా?"

"యాడ నిద్రరా. కండ్లు మూస్తే అదే యాదికొస్తది."

"మందేస్తే పడుతదా?"

"రెండు గంటలు. మళ్ల మూడింటికి లేస్త."

"మానుడు నీకు ఎంత ముఖ్యమనిపిస్తది? సున్నా నుంచి పది దాకా ఓ నంబర్ చెప్పు."

"మూడు."

"సున్నా ఎందుకు అనలే బావా?"

చాలాసేపు ఊరుకొని అన్నాడట: "చిన్నపోరి నన్ను జూస్తే తలుపెనక దాక్కుంటది."

ఆ బామ్మర్ది "పది ఎందుకు అనలేదు" అని అడిగి ఉంటే, బావ తాగడానికి తన కారణాలన్నీ ఏకరువు పెట్టేవాడు. "సున్నా ఎందుకు కాదు" అన్నందుకు, మానడానికి కారణం అతని నోటి నుంచే వచ్చింది. 1983లో విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఇది. దీని వెనక ఉన్న లెక్క మన పెద్దవాళ్లకూ తెలిసినదే: మనిషి ఇతరులు చెప్పిన మాటకంటే తాను అన్న మాటకే ఎక్కువ కట్టుబడతాడు. ఆ మాట బయటికి వచ్చాక ఉపన్యాసం మొదలుపెట్టకండి. "అయితే శనివారం నాతో దవాఖానకు వస్తవా? నిద్రకు చూపిద్దాం" అంటే చాలు. తాగుడుకు చూపిద్దామంటే రాని వాళ్లు నిద్రకు చూపిద్దామంటే వస్తారు. అది మోసం కూడా కాదు, అతని బాధ నిజంగానే నిద్ర దగ్గరే ఉంది.

ఇక్కడే ఇంకో ప్రశ్న అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం వద్దు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల కూర్చున్నది బయటికి వస్తుంది. అవునంటే ఆ రోజు ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి, ప్రాణాపాయం అనిపిస్తే అత్యవసర నంబరు 112. పత్తి చేను ఉన్న ఇల్లయితే పురుగుల మందు డబ్బాలు ఆ పూటే తీసి, వేరే వాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. ఆ ఆలోచన ఒక్కసారిగా ఎగసిపడి దిగిపోయేది. ఆ గంటలో చేతికి డబ్బా అందకపోవడమే ఎన్నో ప్రాణాలను నిలబెడుతుంది. కేసు అవుతుందన్న భయంతో దవాఖానకు తీసుకెళ్లకుండా ఆగకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 చట్టంలోని 115వ సెక్షన్ భావిస్తుంది, శిక్షించమనదు.

నిమ్మళం నేర్పే రోజులు

ఒళ్లు తేరుకున్నాక వచ్చే రెండు మూడు నెలలు చాలా ఓపికగా గడపాలి. మందు పోయింది, బుగులు మాత్రం ఉంది. ఖాళీ చేతులతో దాన్ని ఎదుర్కోమంటే ఎవరివల్లా కాదు కాబట్టి, చేతికి ఏదైనా ఇవ్వాలి.

మొదటిది ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలాలి. వదిలేది పొడుగ్గా ఉండటమే ఇందులో కీలకం, గుండె వేగం తగ్గేది అప్పుడే. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, బుగులు లేనప్పుడే చేయాలి. ఈత నేర్చుకునేది మునిగేటప్పుడు కాదు కదా. పదిహేను రోజుల సాధన తర్వాతే అది అవసరానికి పనికొస్తుంది. కళ్లు మూసుకుంటే పాత దృశ్యం వచ్చేవాళ్లు కళ్లు తెరిచే చేయాలి. ఇది నేర్పేవాళ్లు తరచుగా మర్చిపోతారు.

రెండోది, పాత సంఘటన మీద పడ్డప్పుడు మనిషిని ఇప్పటికి తీసుకురావడం. ఆ క్షణంలో అతని ఒళ్లు గనిలోనో, వాగులోనో, రోడ్డు మీదో ఉంది. "ఏం కాలేదు, ఊరుకో" అంటే అది వినిపించదు. చెప్పులు విప్పించి పాదాలు చల్లటి బండ మీద ఆనించండి. కుండలో నీళ్లు చేతిలో పోయండి. ఘాటు వాసన బాగా పనిచేస్తుంది. మన ఇళ్లలో జిందా తిలిస్మాత్ సీసా ఉంటుంది, మూత తీసి వాసన చూపించండి. తర్వాత అడగండి: కనిపించే ఐదు వస్తువులు చెప్పు, ముట్టుకోగలిగినవి నాలుగు, వినిపించేవి మూడు. ఈ రోజు ఏ వారం? మనం ఏ ఊళ్లో ఉన్నాం? మీరు మెల్లగా, తక్కువ గొంతుతో అడగండి. వెనక నుంచి ముట్టుకోకండి.

గుండె దడ, ఊపిరాడకపోవడం, "ఇప్పుడే పోతాను" అన్న భయం హఠాత్తుగా వస్తే, మొదటిసారి తప్పకుండా దవాఖానకు వెళ్లి ఈసీజీ తీయించండి. గుండె బాగుందని తేలితే అది చాలావరకు భయపు దాడే. సాధారణంగా పది నిమిషాల లోపే అది శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. దిగుతుందని తెలిసిన మనిషికి రెండోసారి భయం సగమే ఉంటుంది.

మందు మీదికి మనసు పోవడం కూడా అల లాంటిదే. లేస్తుంది, ఎక్కువసార్లు అరగంట లోపు పడిపోతుంది. ఆ అరగంట గడపడానికి ముందే ఏర్పాటు ఉండాలి. కడుపు నిండా తినడం మొదటి పని, ఎందుకంటే ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటిలో ఏది ఉన్నా అల పెద్దదవుతుంది. ఇంటికి వచ్చే దారిలో బెల్ట్ షాపు ఉంటే, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా దారి మార్చండి. జీతం రోజు ఎవరో ఒకరు తోడు వెళ్లండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక పని ఉండాలి. మా దగ్గరికి వచ్చే ఒకాయన ఆ వేళకు భద్రకాళి చెరువు కట్ట మీద రెండు రౌండ్లు నడుస్తాడు, నడిచేంతసేపు అన్నతో ఫోన్‌లో మాట్లాడతాడు. మనసు లాగడం తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, కొందరికి బుగులు తగ్గించే మందులూ రాస్తారు. బుగులు మందులు చాలావాటికి పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. వారం వాడి "ఏం గుణం లేదు" అని ఆపేయకండి. డాక్టర్ రాయని నిద్రమాత్రలు మాత్రం మెడికల్ షాపులో కొనకండి. ఒక అలవాటు పోయి ఇంకొకటి వస్తుంది.

ఇప్పుడు గాయం దగ్గరికి

పని మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. జగిత్యాల వైపు కుర్రాడు, గల్ఫ్‌లో చెడ్డ రోజులు చూసి తిరిగొచ్చాడు. తాగుడు అప్పుడప్పుడే మానాడు. మొదటి రోజే అంతా చెబుతానన్నాడు, నేనూ చెప్పనిచ్చాను. గంటన్నర ఏడ్చాడు. గుండె బరువు దిగిందని సంతోషపడ్డాను. ఆ సాయంత్రం బస్టాండ్ దగ్గరే తాగి పడిపోయాడు, రెండు నెలలు మళ్లీ రాలేదు. కట్టు కట్టే సామాను సిద్ధం చేసుకోకుండా నేను పుండు విప్పాను. అప్పటి నుంచి, ఊపిరి పట్టుకోవడం, అల దాటడం వచ్చేదాకా నేను కథ అడగను. మీరు వెళ్లిన థెరపిస్టు మొదటి రోజే "మొత్తం చెప్పు" అని ఒత్తిడి చేస్తే, "మెల్లగా వెళ్దాం" అనే హక్కు మీకుంది. ఇంట్లో వాళ్లకూ ఇదే మాట: వచ్చిన చుట్టం ముందల్లా "ఆ రోజు ఏమైందో చెప్పు" అనకండి. ప్రమాదం జరిగిన చోటికి బలవంతంగా తీసుకెళ్లి భయం పోగొడతామనకండి.

సిద్ధమయ్యాక మాత్రం దగ్గరికి వెళ్లాలి. ఎన్నటికీ తప్పించుకు తిరిగితే బుగులు అలాగే పెరుగుతుంది. గాయం మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీనీ (ఆలోచననూ నడవడికనూ మార్చే మాటల చికిత్స), కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. రెండూ వారానికి ఒకటి చొప్పున కొన్ని నెలల పని.

మా గదిలో అది ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ. 2023 జులై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది, జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అలాంటి వరద చూసిన ఒక మనిషికి వాన చప్పుడంటేనే బుగులు. వాన రాత్రుల్లో తాగనిదే ఉండలేడు. మేమిద్దరం ఒక నిచ్చెన రాసుకున్నాం. మొదటి మెట్టు: పగటిపూట, నా ఎదురుగా, ఫోన్‌లో వాన చప్పుడు రెండు నిమిషాలు. భయం పదిలో ఎంత అని అడుగుతాను. ఏడు అన్నాడు. అది మూడుకు దిగేదాకా వింటాం, పారిపోం. తర్వాత ఇంట్లో వినడం. తర్వాత తుంపర పడుతుంటే అరుగు మీద నిలబడటం. ఎండాకాలంలో ఎండిన వాగు ఒడ్డుకు తమ్ముణ్ని తీసుకొని వెళ్లడం. ఆఖరి మెట్టు వాన కురిసే రాత్రి మందు లేకుండా పడుకోవడం. ఒక మెట్టు మీద మూడు వారాలు ఆగిపోయాం. ఆగనిచ్చాను.

గనిలో పనిచేసే ఆయన విషయంలో భయం కంటే తప్పు భారమే పెద్దది. ఆ రోజు ఆ చోట పని ఆయనది. నడుము నొప్పని దోస్తును అడిగి మార్చుకున్నాడు. "నేను చంపిన" అంటాడు. "నీ తప్పేం లేదు" అని ఇంట్లో వాళ్లు ఎన్నిసార్లు అన్నా అది ఆయనలోకి దిగలేదు. కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క "ఆ పొద్దున నాకు తెలిసింది", ఇంకో పక్క "సాయంత్రం తెలిసింది" అని రాయమన్నాను. పైకప్పు కూలుతుందన్నది ఏ పక్కకు వస్తుంది? ఆయన పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. ఆ కాగితం మీద ఐదు వారాలు పనిచేశాం. ఆ తర్వాత ఒకరోజు దోస్తు భార్యను కలవాలని ఆయనే అన్నాడు. నాలుగేళ్లు ఆమె ఇంటి వీధిలోంచి కూడా వెళ్లలేదు.

కాజీపేట దర్గాకు వెళ్తాం, దిష్టి తీయిస్తాం అనే వాళ్లను నేను ఆపను. మనసుకు ధైర్యమిచ్చేది ఏదైనా వెంట ఉండనివ్వండి. మందులు మానిపించే, కొట్టే, ఆకలితో ఉంచే చోట్లకు మాత్రం తీసుకెళ్లకండి.

మళ్లీ ముట్టుకుంటే

మన దగ్గర తాగకుండా ఉండలేని రోజులు ముందే తెలుసు: దసరా, దావతులు, రెండేళ్లకోసారి మేడారం జాతర, అన్నిటికంటే కష్టమైనవి చావు ఇంటి దినాలు. దుఃఖం, మందు రెండూ ఒకే చోట ఎదురవుతాయి. ఆ రోజుకు ముందే అనుకోండి: ఎంతసేపు ఉంటాం, పక్కన ఎవరుంటారు, గ్లాసు చేతికిస్తే ఏమనాలి. "డాక్టర్ మందులు వాడుతున్నా" అన్న మాట చాలాచోట్ల పనిచేస్తుంది. తప్పి ఒక్క రోజు తాగితే, "పోయింది, అంతా మొదటికొచ్చింది" అనుకోవడం వల్లే ఆ ఒక్క రోజు పది రోజులవుతుంది. మర్నాడే మా దగ్గరికి రండి. నేను తిట్టను. ఆ నోట్‌బుక్ తెరిచి, తాగడానికి ముందు గంటలో ఏముందో మళ్లీ చూస్తాం.

మీ సంగతి

ఇంతవరకు అతని గురించే రాశాను. ఇలాంటి ఇంట్లో భార్యకూ పిల్లలకూ కూడా గాయం ఉంటుంది. బండి చప్పుడు వినగానే కడుపులో దేవినట్టు అవుతుందా? అడుగుల చప్పుడును బట్టి ఎంత తాగాడో చెప్పేస్తారా? అది మీ ఒంట్లోని బుగులు, దానికీ చికిత్స ఉంది. కొడుతుంటే, అతని గాయం దానికి సాకు కాదు. రాత్రి వెళ్లగలిగే ఒక ఇల్లు ముందే అనుకొని పెట్టుకోండి. ఆధార్, పాస్‌బుక్, కొన్ని డబ్బులు ఒక సంచిలో ఉంచుకోండి, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు పిల్లలకూ నేర్పండి. అతని అప్పు మీరు తీర్చకండి, డ్యూటీకి ఫోన్ చేసి "జ్వరం" అని అతని తరఫున అబద్ధం చెప్పకండి. అన్నం పెట్టండి, దవాఖానకు తోడు వెళ్లండి, మానిన రోజు ఆ సంగతి గుర్తించి ఒక మాట అనండి.

అతని కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడు మీ కోసం విడిగా పదిహేను నిమిషాలు అడగండి. మీ నిద్ర, మీ ఆకలి, మీ భయం గురించి చెప్పండి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర కాదు, కూర్చోగానే చెప్పండి.